ఊరు జపాను, పేరు ఇండియా

జపానుదేశమున చిన్నతొట్లలో పెంచు బోన్సాయి మొక్కలలో సత్సుకి మిక్కిలి ప్రసిద్ధము. ఇది ఏడాది పొడుగునను ఆకు నిలుచు పూలపొద. పాతపంచాంగపు అయిదవ మాసమున పూయుటచే దీని కాపేరు కలిగినది. జన్మభూమి జపానే అయినను, 1753లో స్వీడనుదేశపు శాస్త్రజ్ఞుడు లిన్నేయసు దీనికి 'అజేలియా ఇండికా' యని పేరిడెను. ఆకాలపు ఐరోపావారికి తూర్పుదేశము లన్నియు ఇండియాయే కదా! తరువాతివారు దీనిని రోడోడెండ్రాను జాతిలో చేర్చిరి గాని 'ఇండికం' అను విశేషణము మాత్రము మారలేదు. మొదట నిడిన పేరే ప్రమాణమను శాస్త్రనియమము దానిని నేటికిని నిలిపియున్నది.

లిన్నేయసునకు 61 సంవత్సరములకు పూర్వమే, 1692లో, ఎడో నగరపు చేరువనున్న సొమెయి గ్రామమున మొక్కలు పెంచి యమ్ముకొను ఇతో ఇహెయి యను తోటమాలి 'కిన్షూ మకురా' యను సచిత్రగ్రంథమును ప్రకటించెను. అందు సత్సుకులను, వాని దాయాదులగు త్సుత్సుజులను వేరుపరచి 300కు పైగా రకములను వర్ణించెను. ఆ ఎడోయే నేటి టోక్యో.

పేరు పెట్టిన గౌరవము పండితునకు దక్కినది. మొక్క నెరిగిన విద్య తోటమాలిది. అతనికి అక్షరము వచ్చియుండుటచేతనే ఆ విద్య అతనితో నశింపక మనదాక వచ్చినది. చేతిపని చేయువారికి చదువేల యని యడుగువారికి మేము ఈ గ్రంథమునే చూపుదుము.