హుక్కు మీద బరువు

హ్యాంగప్ అన్న ఇంగ్లీషు మాట సినిమాల పుణ్యమా అని ఇప్పుడు చిన్నపిల్లలక్కూడా తెలుసు. మా టెలిఫోన్ డిపార్ట్‌మెంటులో ఆ మాట వినపడేది కాదు. మాది తెల్లదొరలు పెట్టిపోయిన పద్ధతి, మా నోళ్లలో ఆడింది ‘రింగ్ ఆఫ్’. అర్థం ఒకటేగా అంటారు, ఫోన్లో మాటలు ముగించడం. స్విచ్‌బోర్డు ముందు కూర్చున్నవాళ్లనడగండి చెబుతారు, అవి రెండూ రెండు వేరు పనులు.

1974లో గోదావరి వైపు ఓ చిన్న టౌను ఎక్స్చేంజిలో ఆపరేటరుగా చేరాను. మాగ్నెటో బోర్డు. చందాదారుడి ఇంట్లో గోడకి పెట్టె, దానికో హ్యాండిలు, లోపల బ్యాటరీ సెల్లులు. హ్యాండిలు గిర్రున తిప్పితే మా బోర్డు మీద ఆయన నంబరు షట్టరు టప్పున పడేది. కార్డు అనే తీగ గుచ్చి ‘నంబర్ ప్లీజ్’ అనేదాన్ని. మిల్లు ఆసామి ఏనాడూ నంబరు చెప్పిన పాపాన పోలేదు. ‘అమ్మాయీ, ఎరువుల కొట్టుకియ్యి’ అనేవాడు. అన్నీ నోటికొచ్చేవి కాబట్టి సరిపోయింది.

కలపడం తేలికే, విడదీయడమే కష్టం. మాటలయ్యాక రిసీవరు తగిలించి, హ్యాండిలు ఇంకోసారి తిప్పాలి. అప్పుడు ఆ కార్డుల జతకున్న షట్టరు పడుతుంది, మేం కార్డులు పీకేస్తాం. అదే రింగ్ ఆఫ్. మరి రిసీవరు తగిలిస్తే చాలదా? చాలదు. ఆ ఫోన్లో హుక్కు కిందికి దిగితే ఇంట్లో సెల్లులు ఆగేవి, గంట లైనుకి కలిసేది, అంతే. ఆ సంగతి ఎక్స్చేంజికి చేరేది కాదు. హ్యాండిలు రెండోసారి తిప్పేవాళ్లేమో పదిమందిలో ఒకరుంటే గొప్ప. చేసేది లేక కీ నొక్కి ‘మాట్లాడుతున్నారా? మాట్లాడుతున్నారా?’ అని మధ్యలో దూరేవాళ్లం. ఆపరేటర్లు చాటుగా వింటారన్న అపవాదు అక్కడే పుట్టింది. పూర్తిగా అపవాదని నేనూ అననులెండి.

ఈ బాధ తీర్చింది అమెరికాలో పుట్టిన కామన్ బ్యాటరీ పద్ధతి. 1893లో మసాచుసెట్స్ రాష్ట్రం లెక్సింగ్టన్‌లో మొదలైంది. ఇంటింటా సెల్లులు తీసేసి, పెద్ద బ్యాటరీ ఒకటి ఎక్స్చేంజిలోనే పెట్టారు. రిసీవరు ఎత్తితే దాని బరువు తప్పి హుక్కు పైకి లేస్తుంది, తీగలో కరెంటు పారుతుంది, బోర్డు మీద దీపం వెలుగుతుంది. మళ్లీ తగిలిస్తే కరెంటు ఆగి, కార్డు దగ్గరి దీపం వెలుగుతుంది. హ్యాండిలుతో పనే లేదు. తగిలించడమే కబురు. ఇంగ్లీషులో హ్యాంగప్ అంటే తగిలించడమే కదా, అక్కడ ఆ మాటకి తగ్గ పని చేతికొచ్చింది.

టెలిఫోను చరిత్ర రాసేవాళ్లందరూ స్ట్రోజర్‌ని నెత్తినెట్టుకుంటారు. కాన్సస్ సిటీలో శవాలకి అంత్యక్రియల ఏర్పాట్లు చేసే వ్యాపారి. తనకి రావలసిన కాల్స్ ఆపరేటరు పోటీవాడికి కలుపుతోందని కోపమొచ్చి ఆటోమేటిక్ యంత్రం కనిపెట్టాడని కథ. 1891లో పేటెంటొచ్చింది, మరుసటేడు ఇండియానా రాష్ట్రం లా పోర్ట్‌లో ఎక్స్చేంజి తెరిచారు. గొప్పే, కాదనను. మా మీద కోపంతో పుట్టిన యంత్రమని అక్కసు కొంత ఉండొచ్చు గాని, బోర్డు మీద పనిచేసినదానిగా నా ఓటు మాత్రం హుక్కుకే.

పెద్ద ఊరికి ట్రాన్స్‌ఫరయ్యాక ట్రంకు బోర్డు మీద ఆ దీపాల విలువ తెలిసొచ్చింది. 180కి ఫోన్ చేసి కాల్ బుక్ చేసుకునే రోజులు. ఆర్డినరీ, అర్జెంటు, లైట్నింగు అని రకాలు. పలానా మనిషే లైన్లోకి రావాలంటే పీపీ. మూడు నిమిషాలు ఒక లెక్క. దీపం వెలిగిన క్షణం చూసి టికెట్టు మీద టైము వేయాలి. అది సరిగ్గా వేయకపోతే బిల్లొచ్చాక తగాదా.

1920ల చివర్లో అమెరికాలో మౌతుపీసూ రిసీవరూ ఒకే చేతిపిడిలో కలిపి, పడుకోబెట్టే ఫోను తెచ్చారు. తగిలించడానికి హుక్కు పోయింది, దాని చోట రెండు బొడిపెలొచ్చాయి. అయినా వాళ్లు హ్యాంగప్ వదల్లేదు. అవతలివాడు మాట్లాడుతుండగానే ఠపీమని పెట్టేస్తే దానికి ‘ఆన్’ చేర్చి తిట్టుగా వాడతారు. మనవాళ్లు ‘మొహం మీదే ఫోన్ పెట్టేశాడు’ అన్నట్టు.

ఆఖరికి మా ఎక్స్చేంజికీ స్ట్రోజర్ వచ్చింది. అందులో ఇంకో తంటా. కాల్ చేసినవాడు రిసీవరు పెట్టేస్తేనే లైను విడిపోతుంది. అందుకున్నవాడు పెట్టినా, మళ్లీ ఎత్తినా పాత లైనే ఉంటుంది. అటువైపు రిసీవరు సరిగ్గా పడకపోతే ఇటువైపు ఫోను పనిచేయదు. 198కి ఫిర్యాదులు. లైన్‌మన్ సైకిలేసుకుని ఆ ఇంటికి వెళ్లి, బొడిపెల మధ్య ఇరుక్కున్న వైరు తీసి రిసీవరు సరిగ్గా పెట్టి, కాఫీ తాగి వచ్చేవాడు.