ప్రామాణిక కంపైలర్ ఎంపిక

ఒకే సోర్స్ కోడ్ విండోస్, లినక్స్, ఆండ్రాయిడ్‌లన్నిటి మీదా నడవాలంటే ఏ కంపైలర్, ఏ వెర్షన్, భాషకు ఏ ప్రమాణం అన్నది జట్టంతా ముందే తేల్చుకోవాలి. సి, సి++ భాషల్లో ఈ నిర్ణయం ఆలస్యమైతే సరిదిద్దడం చాలా కష్టం.

తెలుగునాట ఈ సమస్య బాగా కనబడినది ఇంజనీరింగ్ కాలేజీల ల్యాబుల్లో. గాండ్లపెంట, హిందూపురం, ధర్మవరం వైపు నుంచి వచ్చిన పిల్లలతో సహా ఎందరో తెలుగు విద్యార్థులు సి భాషను టర్బో సి మీదే నేర్చుకున్నారు. బోర్లాండ్ సంస్థ దాన్ని 1987లో డాస్ కోసం తెచ్చింది. సి భాషకు అమెరికా జాతీయ ప్రమాణం 1989లోనూ, సి++కు అంతర్జాతీయ ప్రమాణం 1998లోనూ వచ్చాయి. అంటే విద్యార్థి చేతికి అందిన పనిముట్టు ప్రమాణం కన్నా పాతది.

దాని ఫలితం ఒక చిన్న లెక్కలో తెలుస్తుంది. టర్బో సిలో ఇంట్ రకానికి 16 బిట్లే. 32,767 దాటితే పట్టదు. 200ను 200తో గుణిస్తే 40,000కు బదులు తెర మీద మైనస్ 25,536 వస్తుంది. అదే ప్రోగ్రాం జీసీసీ అనే కంపైలర్‌లో సరైన జవాబిస్తుంది. ఇక కోనియో హెడర్ డాస్ కంపైలర్లది; తెర తుడిచే ఫంక్షన్, గ్రాఫిక్స్ హెడర్ బోర్లాండ్ సొంతం; ఇవేవీ ప్రమాణంలో లేవు. వాటితో రాసిన కోడ్ లినక్స్‌లో కంపైల్ కూడా కాదు. 64 బిట్ విండోస్ 16 బిట్ ప్రోగ్రాములను నడపదు కనుక టర్బో సిని డాస్‌బాక్స్ అనే ఎమ్యులేటర్‌లో పెట్టి నెట్టుకురావలసి వచ్చింది. పాఠం మొదలుపెట్టేవారికి ఇది అనవసరపు భారం.

రిచర్డ్ స్టాల్‌మన్ మొదలుపెట్టిన జీసీసీ కూడా 1987లోనే వెలువడింది. ఉచితం, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్. మింగ్‌డబ్ల్యూ రూపంలో విండోస్‌లోనూ దొరుకుతుంది. ల్యాబుకు ఇదే తగినది.

అయితే ఒక్క కంపైలర్‌నే నమ్మితే దాని సొంత పొడిగింపులు తెలియకుండానే కోడ్‌లో చేరతాయి. అందుకే రోజువారీ పనికి ఒకదాన్ని ఖాయం చేసుకుని, అదే కోడ్‌ను క్లాంగ్ అనే మరో కంపైలర్‌తోనూ కంపైల్ చేసి చూడాలి. ఆండ్రాయిడ్‌కు సి, సి++ కోడ్ రాసే పనిముట్ల కట్ట ఎన్‌డీకే 2018లో జీసీసీని వదిలేసి క్లాంగ్‌నే ఉంచింది కనుక ఫోన్లకు రాసేవారికి ఇది తప్పనిసరి. హెచ్చరికలను తప్పులుగానే లెక్కించే ఐచ్ఛికం మొదటి రోజు నుంచే ఆన్ చేసుకోవాలి.

కంపైలర్ ఒకటే అయినా వేదికల తేడాలు పోవు. లాంగ్ రకం 64 బిట్ లినక్స్‌లో 8 బైట్లు, విండోస్‌లో 4 బైట్లు. క్యార్ రకం ఇంటెల్ లినక్స్‌లో రుణసంఖ్యలను పట్టుకుంటుంది, ఏఆర్‌ఎమ్ లినక్స్‌లో పట్టుకోదు. ఫైల్లో రాసే, నెట్‌వర్క్‌లో పంపే సంఖ్యలకు సి 1999 ప్రమాణం ఇచ్చిన నిర్ణీత పరిమాణపు రకాలనే వాడాలి.