సామాజిక తనిఖీ: అనంతపురం కరువు సీమలో లెక్క అడిగిన చరిత్ర

సామాజిక తనిఖీ అంటే ప్రజల పేరిట ప్రభుత్వం పెట్టిన ఖర్చును ఆ ప్రజల ముందే చదివి వినిపించి, అది నిజమో కాదో వాళ్ల నోటనే తేల్చే పద్ధతి. మామూలు ఆడిట్‌లో ఒక కాగితాన్ని మరో కాగితంతో సరిచూస్తారు. ఇక్కడ కాగితాన్ని మనిషితో సరిచూస్తారు. మస్టరులో, అంటే హాజరు పట్టీలో, పేరున్న కూలీ ఆ వారం నిజంగా పనికి వచ్చిందా, తవ్వినట్టు రాసిన కుంట ఊళ్లో ఉందా, వేలిముద్ర వేసిన మనిషి బతికే ఉన్నాడా అన్నవే ఇక్కడి ప్రశ్నలు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో గ్రామీణ ఉపాధి హామీ పథకంతో పాటు మొదలైన ఈ పద్ధతి, ప్రభుత్వమే శాశ్వతంగా నడిపిన సామాజిక తనిఖీ వ్యవస్థగా దేశానికి నమూనా అయింది. లెక్కకూ, ఆ లెక్క ఎవరిదో ఆ మనిషికీ మధ్య దూరం ఉన్నచోటే అవినీతి వేళ్లూనుకుంటుందని దీని చరిత్ర చూపుతుంది. సామాజిక తనిఖీ ఆ దూరాన్ని ఊరి దగ్గర చెరిపేసింది. తప్పు బయటపడటానికీ శిక్ష పడటానికీ మధ్య ఉన్న రెండో దూరం మాత్రం అలాగే మిగిలిపోయింది.

నేపథ్యం: కరువు పనులు, అందని ఫిర్యాదులు

ఈ కరువు సీమకు ఒక ఉదాహరణ బత్తలపల్లె. అది ధర్మవరం నియోజకవర్గంలోని మండల కేంద్రం. 2022 దాకా అనంతపురం జిల్లాలో ఉండేది, జిల్లాల విభజన తర్వాత శ్రీ సత్యసాయి జిల్లాలో చేరింది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ నమ్మకంగా పడని ఎర్రనేలల సీమ ఇది. వేరుశనగ ఎండిపోయిన ఏడు కూలీకి మిగిలే దారులు రెండే: బెంగళూరుకు వలస పోవడం, లేదా ఊళ్లో కరువు పనికి పోవడం. అందుకే ఇక్కడ కూలి లెక్కలో దొర్లే మోసం నేరుగా కూటి కుండ మీదే పడుతుంది. ఉపాధి హామీ పనిని ఈ ప్రాంతంలో ఇప్పటికీ చాలామంది కరువు పని అనే పిలుస్తారు. ఆ పేరు వెనక శతాబ్దాల అనుభవం ఉంది.

1876–78 నాటి ధాత కరువులో, అనంతపురం ఇంకా బళ్లారి జిల్లాలో భాగంగా ఉన్న రోజుల్లో, కంపెనీ పాలన పోయి రాణి పాలన వచ్చినా కూలీ మాట వినే చోటు లేదు. ఖర్చు తగ్గించడానికి పంపిన సర్ రిచర్డ్ టెంపుల్, కరువు పనుల కూలిని రోజుకు ఒక పౌను ధాన్యం, దాని మీద కొద్దిపాటి పైకానికి కుదించాడు. అది మనిషిని నిలబెట్టదని మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. ఇద్దరు అధికారుల మధ్య వాదం జరిగింది గానీ, ఆ కూలి మీద బతకాల్సిన వాళ్లను అడిగిన వాళ్లు లేరు. అంతకు రెండు దశాబ్దాల ముందే ఇదే రోగాన్ని మరో విచారణ బయటపెట్టింది. శిస్తు వసూలుకు రైతులను హింసిస్తున్నారన్న ఆరోపణలను, మద్రాసు నేటివ్ అసోసియేషన్ స్థాపించిన గాజుల లక్ష్మీనరసు చెట్టి లోకానికి తెలియజేశాడు. 1853లో వచ్చిన బ్రిటిష్ పార్లమెంటు సభ్యుడు డాన్బీ సీమూర్‌ను జిల్లాల్లో తిప్పి చూపించాడు. దాని ఫలితంగా ఏర్పడ్డ కమిషన్ 1855లో నివేదిక ఇచ్చింది. హింస నిజమేనని, బాధితులకు న్యాయం దొరకడం మరీ కష్టమని అది ఒప్పుకుంది. ఫిర్యాదు చెప్పుకోవడానికి కొందరు వందల మైళ్లు ప్రయాణించి వచ్చారు. తప్పు చేసిన వాడు ఊళ్లో, విచారించే వాడు పట్నంలో ఉంటే బాధితుడు ఎంత దూరం నడవాలో అప్పుడే తేలిపోయింది.

పైనుంచి కాపలా: ఏసీబీ నుంచి లోకాయుక్త దాకా

స్వాతంత్ర్యం తర్వాత రాష్ట్రం ఎంచుకున్న మందు పైనుంచి కాపలా. 1961లో అవినీతి నిరోధక శాఖ (ఏసీబీ) వచ్చింది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం లోకాయుక్త చట్టం తెచ్చింది. జస్టిస్ ఆవుల సాంబశివరావు తొలి లోకాయుక్త అయ్యారు. మంత్రుల మీద, శాసనసభ్యుల మీద వచ్చిన ఆరోపణలను కూడా విచారించే వీలు కల్పించడం చిన్న అడుగు కాదు. అయితే లోకాయుక్త చేయగలిగింది విచారించి సిఫారసు చేయడమే. చర్య తీసుకునే అధికారం ప్రభుత్వం చేతిలోనే ఉండిపోయింది. పైగా ఈ సంస్థలన్నీ ఫిర్యాదు వచ్చాక కదిలేవి. తన పేరుతో దొంగ మస్టరు రాశారని తెలియని కూలీ ఎవరి మీద ఫిర్యాదు చేస్తుంది? 2001–03 మధ్య పనికి ఆహార పథకంలో జరిగింది ఇదే. మనుషులు చేయాల్సిన పని యంత్రాలు చేశాయి, మస్టర్లలో కూలీల పేర్లు నిండాయి, బియ్యం కాంట్రాక్టర్ల ద్వారా బజారుకు చేరింది. కాగితాలు మాత్రం సక్రమంగానే ఉన్నాయి. కాగితాన్ని కాగితంతోనే సరిచూసే ఆడిట్‌కు ఇందులో పట్టుబడేది పెద్దగా ఏమీ ఉండదు.

జన్ సున్వాయి నుంచి బండ్లపల్లి దాకా

ఈ చిక్కుముడి విప్పే దారి రాజస్థాన్ పల్లెల్లో దొరికింది. 1990లో అరుణా రాయ్, నిఖిల్ డే, శంకర్ సింగ్ తదితరులు స్థాపించిన మజ్దూర్ కిసాన్ శక్తి సంగఠన్, 1994 డిసెంబరులో కోట్ కిరానా గ్రామంలో తొలి జన్ సున్వాయి (బహిరంగ విచారణ) జరిపింది. పంచాయతీ బిల్లులు, మస్టర్లు ఊరి ముందు చదివారు. దాంతో లెక్కల పుస్తకం జనానికి అర్థమయ్యే భాషలోకి వచ్చింది. 'మా డబ్బు, మా లెక్క' అన్న ఆ పోరాటం 2005 సమాచార హక్కు చట్టానికి పునాది అయింది. అదే ఏడాది వచ్చిన గ్రామీణ ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్‌లో, పథకం పనులపై గ్రామసభ క్రమం తప్పకుండా సామాజిక తనిఖీ జరపాలని రాసింది.

2006 ఫిబ్రవరి 2న ప్రధాని మన్మోహన్ సింగ్ ఈ పథకాన్ని బత్తలపల్లెకు దగ్గర్లోనే, నార్పల మండలం బండ్లపల్లిలో ప్రారంభించారు. దేశంలో 200 జిల్లాలు, రాష్ట్రంలో 13 జిల్లాలు తొలి విడతలో చేరాయి. అదే ఏడాది అనంతపురం జిల్లాలో స్వచ్ఛంద సంస్థల కార్యకర్తలు, యువకులు ఊరూరా పాదయాత్రగా తిరిగి పెద్ద ఎత్తున సామాజిక తనిఖీ జరిపారు. గ్రామీణాభివృద్ధి శాఖలో కె. రాజు వంటి అధికారులు దీనికి అండగా నిలిచారు. రాజస్థాన్ సంగఠన్ అనుభవం శిక్షణగా అందింది. 2009లో దీనికోసమే ప్రత్యేక సొసైటీ ఏర్పడింది. సంగఠన్‌లో పనిచేసి వచ్చిన సౌమ్య కిడాంబి దానికి సారథ్యం వహించారు. ఉపాధి ఖర్చులో నూటికి అర రూపాయి ఈ తనిఖీకి కేటాయించడం వల్ల ప్రతి రౌండుకూ అధికారుల దయ కోసం ఎదురుచూడాల్సిన పని తప్పింది.

పద్ధతి ఎలా పనిచేస్తుంది

మండలంలో తనిఖీ మొదలైతే ముందు మస్టర్లు, కొలతల పుస్తకాలు, చెల్లింపుల జాబితాలు తీసుకుంటారు. కూలీ కుటుంబాల నుంచే చదువుకున్న యువతీయువకులను ఎంపిక చేసి శిక్షణ ఇస్తారు. వాళ్లను సొంత ఊరి తనిఖీకి పంపరు. మొహమాటం, బెదిరింపు, బంధుత్వం అడ్డు రాకూడదన్నదే ఉద్దేశం. వాళ్లు ఇంటింటికీ వెళ్లి జాబ్ కార్డు, పాసుపుస్తకం చూసి, ఎన్ని రోజులు పని చేశారో, ఎంత కూలి ముట్టిందో రాసుకుంటారు. పని జరిగిన చోటికి వెళ్లి కొలుస్తారు. గ్రామసభలో ఆ వివరాలు చదువుతారు. చివరగా మండల కేంద్రంలో బహిరంగ విచారణ జరుగుతుంది. ఒకవైపు కూలీలు, మరోవైపు ఫీల్డ్ అసిస్టెంట్, టెక్నికల్ అసిస్టెంట్, మండల అభివృద్ధి అధికారి (ఎంపీడీఓ) కూర్చుంటారు. ఎదురెదురుగా అడగడం, అక్కడే జవాబు చెప్పడం ఈ పద్ధతికి ప్రాణం. గతంలో తహసీల్దారు కచేరీ మెట్లెక్కడానికి జంకిన కుటుంబాల మహిళలు, అదే స్థాయి అధికారిని మైకులో లెక్క అడగడం చిన్న మార్పు కాదు.

ఫలితాలు, విమర్శలు

ఈ పద్ధతి మీద వచ్చిన విమర్శల్లో బలమైనది అంకెల ఆధారంతో వచ్చింది. 2006–10 మధ్య నివేదికలను పరిశీలించిన ఫర్జానా అఫ్రిది, వెగార్డ్ ఐవర్సన్ 2014లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, రౌండ్లు పెరిగినా మొత్తం అక్రమాలు తగ్గలేదు. కూలీ సులువుగా పట్టుకోగల మోసాల బదులు మెటీరియల్ బిల్లుల్లో మోసం పెరిగింది. ఎవరో ఒకరు బాధ్యులని తేలిన అక్రమాల్లో ఉద్యోగం పోయేదాకా, క్రిమినల్ కేసు దాకా వెళ్లినవి నూటికి ఒకటి కూడా లేవు. పోయిన సొమ్ములో చాలా భాగం వసూలు కాలేదు. అయితే తనిఖీ దండగేనా? ఈ ఆధారమే మరో సంగతి కూడా చెబుతోంది. కూలీ కళ్లు పడిన చోటి నుంచి దొంగ తప్పుకున్నాడు, కళ్లు పడని చోటికి పోయాడు. అంటే చూపు పనిచేసింది, శిక్ష పనిచేయలేదు. దీపం పెట్టిన గదిలో దొంగతనం తగ్గి పక్క గదిలో పెరిగితే ఆ గదిలోనూ దీపం పెట్టాలి, తలుపుకు తాళమూ వేయాలి.

రాయలసీమలో పార్టీలు, వర్గాలు బలంగా ఉన్న ఊళ్లలో తనిఖీ పగ తీర్చుకునే సాధనం అవుతుందన్నది రెండో అభ్యంతరం. ఆ ప్రమాదం నిజమే. కానీ వర్గం చెప్పిన మాటను రికార్డుతో, కొలతతో, పాసుపుస్తకంతో సరిచూసే ఏర్పాటు ఉన్నప్పుడు అబద్ధం అదే వేదిక మీద బయటపడుతుంది. వర్గపు పగకు నిజమైన మేత చాటుమాటు ఫిర్యాదుల్లో ఉంటుంది. ఇక మొబైల్ యాప్ హాజరు, ఆధార్ చెల్లింపులు వచ్చాక మనుషుల తనిఖీ ఎందుకన్న వాదన మూడోది. 2023 జనవరి నుంచి పని చోట ఫొటోతో హాజరు తప్పనిసరి చేసినా, సంబంధం లేని ఫొటోలు, ఫొటోను తీసిన ఫొటోలు ఎక్కించడం ఆగలేదు. యంత్రం ఫొటో ఉందో లేదో చెబుతుంది. ఆ ఫొటోలో ఉన్నది ఎవరో చెప్పగలిగింది పక్కింటి మనిషే.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం ఇది: పట్టుబడేది ఫీల్డ్ అసిస్టెంటు, తప్పించుకునేది నాయకుడు. ఇందులో నిజం ఉంది. 2009లో రాజస్థాన్‌లో సర్పంచుల ఆందోళనతో తనిఖీలకు అడ్డుకట్ట పడింది. ఆంధ్రలో అవి సాగడానికి, పనుల మీద పంచాయతీ నాయకుల పట్టు తక్కువగా ఉండటం, పాలించే వాళ్లు సమ్మతించడం కారణాలు. పాలకుల సమ్మతి మీద నిలిచిన జవాబుదారీతనం, ఆ సమ్మతి ఉన్నన్నాళ్లే నిలుస్తుంది. అందుకే చట్టం అవసరమైంది. 2011లో కేంద్రం కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ (కాగ్)తో కలిసి రూపొందించిన నియమాలు ప్రతి రాష్ట్రంలో స్వతంత్ర తనిఖీ విభాగం ఉండాలన్నాయి. 2012లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ సామాజిక తనిఖీ ప్రోత్సాహం, అవినీతి పనుల నిరోధం కోసం ప్రత్యేక చట్టం చేసింది. 2017లో మేఘాలయ ఒక అడుగు ముందుకేసి, ఒక్క పథకానికే పరిమితం కాకుండా అనేక ప్రజాసేవలకు వర్తించే సామాజిక తనిఖీ చట్టం తెచ్చింది.

చరిత్ర చెప్పే పాఠం

1855 నుంచి ఇప్పటిదాకా ఈ సీమ అనుభవాన్ని వరసగా చూస్తే, ఆగినచోటు ఒక్కటే కనబడుతుంది. కమిషన్ నిజం కనుక్కుంది, లోకాయుక్త సిఫారసు చేసింది, గ్రామసభ దొంగ మస్టరు పట్టుకుంది. ప్రతిసారీ ఆ తర్వాతి పని, తప్పు చేసిన శాఖ చేతిలోనే పడింది. కాబట్టి కొత్త కాపలాదారుల కన్నా ముందు రెండు మార్పులు కావాలి. మొదటిది, గత తనిఖీలో తేలిన ప్రతి అక్రమంపై ఎంత సొమ్ము వసూలైంది, ఎవరి మీద ఏ చర్య తీసుకున్నారన్న జాబితా, తర్వాతి గ్రామసభలో అన్నిటికన్నా ముందు చదవాలి. శిక్ష లేని తనిఖీ ఆ జాబితాలో ఖాళీ గడిగా అందరికీ కనబడుతుంది. రెండోది, కూలీ మస్టరుకు వర్తించే న్యాయమే కాంట్రాక్టరు బిల్లుకూ, శాసనసభ్యుడి నియోజకవర్గ నిధికీ, మంత్రి సంతకం పెట్టిన టెండరుకూ వర్తించాలి. రోజు కూలి లెక్క ఊరి ముందు పెట్టడానికి బత్తలపల్లె కూలీ ఒప్పుకుంది. ఆమె ఓటుతో గెలిచిన వాళ్లు తమ లెక్కను అదే ఊరి ముందు పెట్టడానికి ఒప్పుకున్న రోజే, బండ్లపల్లి దగ్గర మొదలైన ప్రయత్నం పూర్తయినట్టు.