మారిన జిల్లాలు, మారని ఏజెన్సీ

వరంగల్ నగరంలోని మట్టెవాడ నుంచి ఈశాన్యంగా సాగితే ములుగు అడవుల్లో ఏజెన్సీ అనే గిరిజన షెడ్యూల్డ్ ప్రాంతం ఎదురవుతుంది. 1950లో రాష్ట్రపతి ఉత్తర్వు అప్పటి హైదరాబాద్ రాష్ట్రంలోని ములుగు, నర్సంపేట తాలూకాల్లో పలు గ్రామాలను షెడ్యూల్డ్ ప్రాంతంగా ప్రకటించింది. 1970 నాటి 1/70 చట్టంతో అక్కడ గిరిజనేతరులు తమలో తాము భూమి అమ్ముకోవడానికీ వీల్లేకుండా పోయింది.

ఈ ఏజెన్సీలోని మేడారంలో గిరిజన దేవతలు సమ్మక్క, సారలమ్మల పూజారులు కోయ గిరిజనులే. వారి భాష గోండీకి దగ్గరి చుట్టం. తెలుగుతో పొత్తు ఎక్కువ కావడంతో చాలా ఊళ్లలో తెలుగే ఇంటిమాట అయింది.

2016 అక్టోబర్ 11న పాత వరంగల్ జిల్లా ముక్కలైంది. 2019 ఫిబ్రవరి 17న ములుగు జిల్లా ఏర్పడింది. షెడ్యూల్డ్ గ్రామాలు వేర్వేరు కలెక్టరేట్ల కిందికి చేరాయి. వాటి గిరిజన సంక్షేమ పథకాలను మాత్రం ఏటూరునాగారంలోని సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ (ఐటీడీఏ) చూస్తూ వచ్చింది.