భోజుడు దాచినది, మాన్యువల్ విప్పినది

పదకొండవ శతాబ్దంలో ధారానగరాన్ని ఏలిన భోజమహారాజు పేరిట ‘సమరాంగణ సూత్రధారము’ అనే వాస్తుగ్రంథం ఒకటి ఉన్నది. అందులో ఒక అధ్యాయం కేవలం యంత్రాల కోసమే. తమంతట తామే కదిలే బొమ్మలు, పాదరసం బలంతో ఎగిరే కొయ్యపక్షి మొదలైన వింతలన్నీ అక్కడ వర్ణితమైనాయి. అయితే వాటిని కట్టే విధానం మాత్రం ఆయన పూర్తిగా విప్పి చెప్పడు. తెలియక కాదు, గోప్యంగా ఉంచడానికే చెప్పలేదని తానే అంటాడు. విద్వాన్ పరీక్షకు చదివే రోజులలో ఈ సంగతి విని నవ్వుకొన్నాను. 1988లో ఒక పాత బుల్లెట్టు మోటారుసైకిలు కొన్న తరువాత నవ్వు ఆగింది.

నేను అప్పుడు తెనాలికి సమీపంలోని ఒక పల్లెటూరి బడిలో తెలుగు పండితుణ్ణి. ఊళ్ళో మెకానిక్ ఒక్కడే. చేయి మంచిదే గాని, నేను పక్కన నిలబడితే బండిని అటు తిప్పి కూర్చొనేవాడు. “మీరు నీడన కూర్చోండి మాస్టారూ, అయ్యాక పిలుస్తాను” అనేవాడు. తప్పు పట్టను, అది అతని భుక్తి. భోజుడి పద్ధతి ధారానగరంతో అంతం కాలేదని మాత్రం అప్పుడు గ్రహించాను.

ఆ బండి అమ్మిన పెద్దమనిషి సంచీ అడుగున నూనె మరకల పుస్తకం ఒకటి ఇచ్చాడు. అది కంపెనీవారి సర్వీసు మాన్యువల్, ఆంగ్లంలో. రాత్రిపూట నిఘంటువు పక్కన పెట్టుకొని చదివాను. వాక్యాలు వ్యాకరణ సూత్రాలవలె పొట్టివి. కర్త కనబడడు, క్రియ అంతా విధ్యర్థకం. పాయింట్ల ఎడం అంగుళంలో వెయ్యింట పద్నాలుగు నుండి పదహారు వంతులు. జ్వలన సమయం పిస్టను పై కొసను చేరడానికి 0.8 మిల్లీమీటరు ముందు. అర్ధమాత్ర తగ్గినా సంబరపడిన మన వైయాకరణులు చూస్తే మెచ్చుకొనే పొదుపు!

ఆ పుస్తకం ఎక్కడినుండి వచ్చిందో కొంత చెప్పాలి. ఇంగ్లండులోని రెడిచ్ ఈ బండి పుట్టినిల్లు. 1955లో మద్రాస్ మోటార్స్ వారు ఆ కంపెనీతో కలిసి ఎన్ఫీల్డ్ ఇండియాను స్థాపించారు. 1957లో భాగాలు తయారుచేసే పనిముట్ల హక్కు ఇక్కడికి వచ్చింది, 1962 నాటికి మొత్తం బండి ఇక్కడనే తయారయింది. 1956లో మన పార్లమెంటు మెట్రిక్ తూనికలు, కొలతల చట్టం చేసింది. 1957 ఏప్రిల్ 1న అణాలు పోయి నయాపైసలు వచ్చాయి. అదే కాలంలో మద్రాసు తీరానికి దిగినవి అంగుళాల బోల్టులు! దేశమంతా మెట్రిక్కుకు మారుతూ ఉంటే, ఈ బండి మాత్రం దశాబ్దాలపాటు విట్‌వర్త్ మరలమీదనే నడిచింది.

జోసెఫ్ విట్‌వర్త్ 1841లో మరల కోణాన్ని 55 డిగ్రీలుగా స్థిరపరిచాడు. ఆయన పద్ధతిలో పానామీద ఉండే అంకె నట్టు వెడల్పును చెప్పదు, బోల్టు కడ్డీ లావును చెబుతుంది. ‘1/4 డబ్ల్యు’ అని ఉన్న పానా నోరు నిజానికి 0.525 అంగుళం, అంటే సుమారు 13.3 మిల్లీమీటర్లు. అది తెలియక బజారులో మెట్రిక్ పానాలు కొన్నాను. పదమూడు ఎక్కదు, పద్నాలుగు వదులు. పద్నాలుగుతో బలవంతం చేసి ఒక నట్టు మూలలన్నీ అరగదీశాను. కొలతలు మారితే భాష మారినట్లే, ఛందస్సు తెలియనివాడు సీసాన్ని కందంగా చదివినట్లు.

అసలు అవమానం తరువాత జరిగింది. ఈ బండికి టాపెట్లు సరిచేసే విధానం చక్కనిది. పుష్‌రాడ్డును వేళ్ళతో తిప్పితే స్వేచ్ఛగా తిరగాలి, పైకీ కిందికీ మాత్రం ఊగకూడదు. ఇది ఇంజను చల్లారి ఉండగా చేయాలని పుస్తకంలో ఉన్నది. ఒక సాయంకాలం బడినుండి రాగానే, ఇంజను ఇంకా కాలుతూ ఉండగానే సరిచేశాను. ఇనుప సిలిండరు, దానిమీది అల్యూమినియం హెడ్డు వేడికి పుష్‌రాడ్డుకంటె ఎక్కువగా సాగుతాయి. వేడిలో ఎడం సున్న చేస్తే, చల్లారాక అవి కుంచించుకొని వాల్వులు కొద్దిగా తెరుచుకొనే ఉంటాయి. తెల్లవారి కిక్కు కొడితే కాలికింద అడ్డేమీ లేదు, గాలి తుస్సుమన్నది. ఆనాడు పదవ తరగతి పరీక్షల మొదటి రోజు. నేను పొరుగూరి కేంద్రంలో ఇన్విజిలేటరును. ఇటుకల లారీ ఎక్కి నలభై నిమిషాలు ఆలస్యంగా చేరాను. మెమో వచ్చింది. ప్రశ్నలో ఒక్క విశేషణం విడిచినా మార్కులు కోసే పండితుడు ఒక్క విశేషణం విడిచి మెమో తీసుకొన్నాడన్నమాట! ఆ మధ్యాహ్నమే ‘చల్లారిన’ అన్న అర్థమిచ్చే ఆ ఆంగ్లపదం కింద ఎర్రసిరాతో గీత గీశాను.

యజమానికి ఈ విద్య చెప్పాలన్న ఆలోచన బ్రిటనులో పాతది. 1950ల నాటి బండ్లతో ఇచ్చే చిన్న పుస్తకంలోనే సిలిండరు హెడ్డు విప్పి మసి గీకడం, వాల్వులు రుద్దడం ఉండేవి. అమెరికా సైన్యం 1951లో మరమ్మతు జాగ్రత్తలను బొమ్మలకథలుగా చెప్పడానికి పీ.ఎస్. అనే పత్రికను పెట్టి, విల్ ఐస్నర్ అనే చిత్రకారునికి అప్పగించింది. 1966లో జాన్ హేన్స్ తన మొదటి వర్క్‌షాపు మాన్యువల్ అచ్చువేశాడు. బండిని పూర్తిగా విప్పి, మళ్ళీ బిగించి, ప్రతి దశనూ ఫొటో తీయడం ఆయన పద్ధతి. వ్యాఖ్యాత తాను చేసి చూసిన తరువాతనే రాశాడు. మన వ్యాఖ్యాతలలో ఎందరిని గురించి అంత మాట అనగలం?

ఇప్పుడు కాలం మళ్ళీ భోజుని వైపు తిరిగినట్లున్నది. 2020 ఏప్రిల్ 1నుండి భారత్ స్టేజి ఆరు నిబంధనలు వచ్చి, ఇంధనాన్ని కంప్యూటరు పంపే బండ్లే అమ్మకానికి మిగిలాయి. వాటి లోపం అడిగే పరికరం వేరు. ఈ మూత కంపెనీలు తమంతట తెరవలేదు. విడిభాగాలను, పరీక్షించే పరికరాలను, సాంకేతిక సమాచారాన్ని బయటి మెకానిక్కులకు అందనీయలేదని 2014లో పోటీ కమిషను 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. 2022 డిసెంబరులో కేంద్రప్రభుత్వం మరమ్మతు హక్కు పేరిట ఒక పోర్టల్ తెరిచింది, అందులో వాహనాలూ ఉన్నాయి.

నా బుల్లెట్టును 2006లో అమ్మివేశాను. కొన్న కుర్రవాడు పుస్తకం చూసి, “ఇది ఉంచుకోండి మాస్టారూ, మా వీధిలోనే షెడ్డు ఉంది” అన్నాడు. బలవంతంగా చేతిలో పెట్టి, ఎర్రసిరా గీత ఉన్న పుట తీసి చూపించి పంపాను.