ఉపగ్రహ ప్రసారం, గ్రామ భాష: 1975–76 ‘సైట్’ ప్రయోగం

1958 మార్చి 4న భారత ప్రభుత్వం ప్రకటించిన శాస్త్ర విధాన తీర్మానం విజ్ఞాన ఫలాలు ప్రజలందరికీ దక్కాలని ఆశించింది. ఆ ‘ప్రజలు’ ఏ భాష మాట్లాడుతారన్న ప్రశ్న మాత్రం అందులో లేదు. ఆ ప్రశ్న స్పష్టంగా ఎదురైన సందర్భాలలో ‘సైట్’గా ప్రసిద్ధమైన ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం ఒకటి.

1969లో అణుశక్తి శాఖ అమెరికా అంతరిక్ష సంస్థ నాసాతో కుదుర్చుకున్న ఒప్పందానికి ప్రధాన ప్రేరకుడు విక్రమ్ సారాభాయ్. ప్రయోగాన్ని చూడకుండానే 1971 డిసెంబరులో ఆయన మరణించారు. నాసా ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని ఏడాదికి ఎరువిచ్చింది. 1975 ఆగస్టు 1 నుండి 1976 జులై 31 వరకు ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని సుమారు 2,400 గ్రామాలకు ప్రసారాలు అందాయి. కోళ్ల గూడుకు వాడే తీగవలతో చేసిన మూడు మీటర్ల ఆంటెనా, ఊరంతటికీ ఒక టీవీ పెట్టె: ఇంతే గ్రామ సామగ్రి. ఉదయం బడిపిల్లలకు, సాయంత్రం పెద్దలకు కార్యక్రమాలు. దేశంలో అది అత్యవసర పరిస్థితి కాలం కూడా కావడం గమనార్హం.

తెలుగు, కన్నడ, ఒరియా, హిందీ భాషలలో ప్రసారాలు సాగాయి. తెలుగు కార్యక్రమాలకు నిర్మాణ కేంద్రం హైదరాబాదు. ఒకే దృశ్యానికి రెండు ధ్వని మార్గాలుండడం సాంకేతికంగా గొప్ప సౌలభ్యమే. అయితే రెండు భాషలకూ సరిపోవలసిన దృశ్యంలో ఏ ఒక్క ఊరి యాస, సామెత, వేషధారణ కూడా గట్టిగా నిలవలేవు. పెదవుల కదలికకు మాట కుదరదు గనుక సంభాషణ తగ్గి వ్యాఖ్యాత గొంతు పెరుగుతుంది. నా దృష్టిలో ఇది కేవలం నిర్మాణ సమస్య కాదు. గ్రామీణుడిని వినేవాడిగానే తప్ప మాట్లాడేవాడిగా ఊహించని విధానానికి ఇది ఫలితం. మానవ శాస్త్రవేత్తలు గ్రామాలలో నివసించి మరీ ప్రయోగ ప్రభావాన్ని అధ్యయనం చేశారన్నది నిజం. ఆ శ్రద్ధ ప్రశంసనీయమే, కాని పరిశీలన వేరు, భాగస్వామ్యం వేరు.

ఈ తేడాను గుజరాత్‌లోని ఖేడా జిల్లా తేటపరుస్తుంది. అక్కడ పీజ్ గ్రామంలోని చిన్న ట్రాన్స్‌మిటర్ ద్వారా చరోతరీ మాండలికంలో స్థానిక కార్యక్రమాలు వెలువడ్డాయి. గ్రామీణులే తెరపై తమ కష్టాలు చెప్పుకొన్నారు. తెలుగు గ్రామాలకు అటువంటి స్థానిక కేంద్రం ఏర్పడలేదు. గడువు తీరగానే ఏటీఎస్-6 వెనక్కి మళ్లింది. ఖేడాలో ప్రసారాలు ఆ తరువాతా సాగాయి. 1985లో పీజ్ ట్రాన్స్‌మిటర్‌ను మద్రాసుకు తరలించినప్పుడు ఆ ప్రాంత ప్రజలు నిరసన తెలిపారు.