దిగకుండా వెళ్ళిపోవడం

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం వైపు జనానికి విమానం అంటే రెండే రకాలు. ఒకటి, బెంగుళూరు దాకా వెళ్ళి ఎక్కేది. రెండోది, పుట్టపర్తిలో దిగుతుంటే తలెత్తి చూసేది. చాలా జిల్లా కేంద్రాలకే విమానాశ్రయం లేని రోజుల్లో, 1990 నవంబరులో, సత్యసాయి ట్రస్టు అక్కడ సొంతంగా ఒకటి కట్టించింది. ఇప్పుడు దాని రన్‌వే పొడవు రెండు కిలోమీటర్ల పైచిలుకు. చుట్టూ కొండలు. 2011 ఏప్రిల్‌లో బాబా పోయినప్పుడు ఎంతమంది ప్రముఖులు ప్రత్యేక విమానాల్లో దిగారో అప్పట్లో టీవీ చూసినవాళ్ళకి గుర్తుండే ఉంటుంది.

చిన్న జెట్ ఒకటి కొండల మీదుగా కిందికి వస్తుంటే మనవాళ్ళు అడిగే ప్రశ్న ఒక్కటే: "ఎవరొచ్చింటారబ్బా?" నేనూ చాలాసార్లు అదే అడిగాను. అడగాల్సిన ప్రశ్న ఇంకోటుందని తర్వాత తెలిసింది. వెనక సీట్లో పెద్దమనిషి కూర్చున్నాడు, ఆయనకి టైముకి దిగాలి. ముందు సీట్లో పైలట్‌కి రన్‌వే కనబడట్లేదు. అప్పుడు మాట ఎవరిది చెల్లుతుంది?

రూలు ప్రకారం పైలట్‌దే, అందులో అనుమానం లేదు. చరిత్ర మాత్రం అంత శుభ్రంగా లేదు.

ముందు కొంచెం బేసిక్స్ చెప్పుకుందాం. దిగడానికి వచ్చే విమానం తక్కువ ఎత్తులో, తక్కువ వేగంతో ఉంటుంది. అంటే తప్పు జరిగితే దిద్దుకోడానికి ఎత్తూ లేదు, వేగమూ లేదు, టైమూ లేదు. అందుకే చాలా కంపెనీలు ఒక గీత గీసి పెట్టాయి. మబ్బుల్లో అయితే 1000 అడుగుల దగ్గర, ఆకాశం తేటగా ఉంటే 500 అడుగుల దగ్గర, వేగం, దిశ, కిందికి దిగే రేటు అన్నీ సరిగ్గా కుదిరి ఉండాలి. కుదరకపోతే ఇంజను పవర్ పెంచి మళ్ళీ పైకి లేచిపోవాలి. దీన్నే గో ఎరౌండ్ అంటారు. ఇంకో చుట్టు తిరిగి రావచ్చు, లేదంటే వేరే ఊళ్ళో దిగొచ్చు. ప్రతి పైలట్‌కీ నేర్పే పనే ఇది.

మరి తెలిసి కూడా ఎందుకు చెయ్యరు? దీనికి నాకు తెలిసినంతలో అన్నిటికన్నా స్పష్టమైన జవాబు అమెరికాలో జరిగిన ఒక ప్రమాదంలో ఉంది.

2001 మార్చి 29. కొలరాడో రాష్ట్రంలో ఆస్పెన్ అనే ఊరు. మంచు మీద స్కీయింగ్ చేసేవాళ్ళు వెళ్ళే చోటు, చుట్టూ ఎత్తైన కొండలు. లాస్ ఏంజిల్స్ నుంచి ఒక కస్టమర్ తన అతిథులతో వెళ్ళడానికి గల్ఫ్‌స్ట్రీమ్ 3 జెట్‌ని అద్దెకి తీసుకున్నాడు. ప్రయాణికులు ఆలస్యంగా రావడంతో విమానం సుమారు 40 నిమిషాలు లేటుగా బయల్దేరింది. ఆస్పెన్‌లో ఆ రోజు సూర్యాస్తమయం 6:28కి. ఆ రకం విమానం 6:58 లోపు దిగాలి, ఆ తర్వాత అనుమతి లేదు. వీళ్ళ లెక్క ప్రకారం చేరేది 6:46కి. చేతిలో ఉన్నది 12 నిమిషాలు.

ఆస్పెన్‌లో కుదరకపోతే వేరే ఊళ్ళో దిగాల్సి రావచ్చని తెలిసి కస్టమర్‌కి కోపం వచ్చింది. విమానాన్ని ఎక్కడికీ మళ్ళించడానికి వీల్లేదని అసిస్టెంట్ ద్వారా కంపెనీకి కబురు పెట్టాడు. చివర్లో ఒక ప్రయాణికుడు కాక్‌పిట్‌లో ఉండే అదనపు సీట్లోకి వచ్చి కూర్చున్నాడు కూడా. బయట మంచు జల్లులు, చీకటి పడుతోంది. ముందు వెళ్ళిన విమానం దిగలేక పైకి లేచిపోయింది. వీళ్ళు మాత్రం దిగుతూనే ఉన్నారు. రన్‌వే సరిగ్గా కనబడకుండానే, దిగకూడని ఎత్తు కిందికి వచ్చేశారు. 7:02 కావస్తుండగా, రన్‌వే ఇంకా 2,400 అడుగుల దూరం ఉందనగా, విమానం నేలని ఢీకొంది. లోపలున్న 18 మందీ చనిపోయారు.

అమెరికా దర్యాప్తు సంస్థ ఎన్‌టీఎస్‌బీ పైలట్లదే తప్పంది. అంతటితో ఆగలేదు. రెండు రోజుల ముందు, అక్కడ రాత్రిపూట ఈ పద్ధతిలో దిగడంపై ఆంక్ష పెడుతూ ఒక నోటీసు వచ్చింది. దాని భాష గందరగోళంగా ఉంది, పైగా ఆస్పెన్ టవర్‌కి అది చేరనే లేదు. (రిలీజ్ నోట్స్ రాసేవాళ్ళూ, ఇది మనకే!) వీటితో పాటు, కస్టమర్ నుంచి కెప్టెన్ మీద పడ్డ ఒత్తిడిని కూడా కారణాల్లో ఒకటిగా రిపోర్టులో రాసిపెట్టారు. మన భాషలో చెప్పాలంటే, రూట్ కాజ్ ఎనాలిసిస్‌లో క్లయింట్ ఎస్కలేషన్‌ని కూడా చేర్చారన్నమాట. ఎంతమంది ఆ ధైర్యం చేస్తారు చెప్పండి?

సరే, ఆయనెవరో డబ్బున్న కస్టమర్, మామూలు విమానాల్లో అలాంటివి ఉండవు అనుకుంటున్నారా? మంగుళూరు గుర్తు తెచ్చుకోండి. 2010 మే 22, దుబాయ్ నుంచి వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం. 158 మంది పోయారు, 8 మంది బతికారు. దిగే ముందు ఉండాల్సిన దానికన్నా చాలా ఎత్తులో ఉంది. కో పైలట్ మూడుసార్లు గో ఎరౌండ్ చెయ్యమన్నాడు. కెప్టెన్ వినలేదు. కస్టమర్ ఫోను లేదు, కోపాలు లేవు. కిందివాడు చెప్పాడు, పైవాడు పట్టించుకోలేదు, అంతే.

ఇక మన వైపు నుంచి వెళ్ళిన చిన్న జెట్ సంగతి. 2023 సెప్టెంబర్ 14న విశాఖపట్నంలో బయల్దేరిన ఒక లియర్‌జెట్ 45 ముంబైలో జోరువానలో దిగుతూ రన్‌వే మీంచి పక్కకి పోయి ముక్కలైంది, మంటలు లేచాయి. అప్పుడు అక్కడ 700 మీటర్లకి మించి కనబడట్లేదు. 6 మంది ప్రయాణికులు, ఇద్దరు పైలట్లు, దెబ్బలు తగిలినా అందరూ బతికారు. అక్కడ ఎవరో ఒత్తిడి పెట్టారని నేననడం లేదు. ఎవరూ పోలేదు కాబట్టి రెండు రోజుల్లో అందరం మర్చిపోయాం, నేను చెప్పేది అది. ప్రాణాలతో బయటపడ్డ ప్రమాదం ఫ్రీగా దొరికిన పాఠం. ఫ్రీగా వచ్చేది మనం చదవం.

ఇదంతా నాకెందుకు పట్టిందో కూడా చెప్పేస్తా. ఒకప్పుడు నేను పనిచేసిన చోట, ఒక శుక్రవారం రాత్రి బిల్లింగ్ అప్లికేషన్ రిలీజ్ ఉండింది. ఒక టెస్టు ఫెయిలవుతోందని నాకు తెలుసు. కాల్‌లో క్లయింట్ మేనేజరు ఉన్నాడు, మా మేనేజరు ఉన్నాడు. "గో ఆర్ నో గో?" అని ఒక్కొక్కరినీ అడుగుతూ వచ్చారు. నా వంతు వచ్చింది. గో అన్నాను. సోమవారానికి కొన్ని వందల మందికి రెండేసి బిల్లులు వెళ్ళాయి. ఎవరి ప్రాణమూ పోలేదు, డబ్బు వెనక్కి ఇచ్చేశారు. కానీ ఆ రోజు నా నోరు ఎందుకు పెగల్లేదా అని ఆలోచిస్తే, ఆస్పెన్ కెప్టెన్ నాకు మరీ పరాయివాడిగా అనిపించలేదు. నాకు తెలియక కాదు. వెనక సీట్లో ఎవరు కూర్చున్నారో తెలుసు కాబట్టి.

విమానాల వాళ్ళు దీనికి కనిపెట్టిన మందు చాలా సింపుల్. గో ఎరౌండ్ చేసిన పైలట్‌ని ఎందుకు చేశావని శిక్షించకూడదు. అది ఫెయిల్యూర్ కింద లెక్క కాదు, మామూలు పనిలో ఒక భాగం. మంచి కంపెనీలు ఈ మాటని కాగితం మీద రాసి ఇస్తాయి. ఎందుకంటే "నో" అనే హక్కు ఇచ్చి, "నో" అన్నందుకు సంజాయిషీ అడిగితే, ఆ హక్కు ఇవ్వనట్టే.

ఈసారి మీరెక్కిన విమానం రన్‌వే దాకా వచ్చి ఒక్కసారిగా పైకి లేచిపోయిందనుకోండి. పక్క సీటాయన విసుక్కుంటాడు, అరగంట లేటవుతుంది, క్యాబ్ వాడు ఫోను చేస్తాడు. ఏం పర్లేదు. ముందు కూర్చున్నవాళ్ళు తమ పని తాము చేశారని అర్థం.

పుట్టపర్తి కొండల మీదుగా చిన్న జెట్ వస్తుంటే నేనిప్పటికీ తలెత్తి చూస్తాను. ఎవరొచ్చారో తెలుసుకోవాలని మాత్రం ఉండదు. దిగడం కుదరదు సార్ అని చెప్పగలిగే పైలట్ అందులో ఉన్నాడా, చెప్తే వినే పెద్దమనిషి ఉన్నాడా అనే ఆలోచన.